నాయన పద్దు పుస్తకం, కీన్స్ పుస్తకం

1965లో వానలు పోయినాయి. అనంతపురం జిల్లాలో వాన పోవడం కొత్త సంగతేమీ కాదు గానీ, ఆ ఏడు విత్తిన బుడ్డలు (వేరుశనగ) విత్తనానికి కూడా తిరిగి రాలేదు. నాకప్పుడు పదమూడేళ్లు. ఊళ్లో మాకు చిన్న అంగడి ఉండేది. బడి విడిచాక నేను గల్లాపెట్టె పక్కన కూర్చుని, నాయన చెప్తుంటే అప్పు పద్దులు రాసేవాణ్ణి. ఆ పొడుగు పుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

పెద్దయ్యాక అర్థశాస్త్రంలో ఎం.ఏ. చేసి, 1974 నుంచి 36 ఏళ్లు డిగ్రీ కాలేజీల్లో పాఠం చెప్పాను. ఏటా తప్పకుండా చెప్పిన పేరు జాన్ మేనార్డ్ కీన్స్. 1936 ఫిబ్రవరిలో ఆయన 'జనరల్ థియరీ' వచ్చాకే దేశం మొత్తం ఆదాయాన్ని, ఉపాధిని, ధరలను ఒక్కచోట పెట్టి చూసే స్థూల అర్థశాస్త్రానికి ఒక రూపం వచ్చింది. ప్రభుత్వ బడ్జెట్ జమాఖర్చుల చిట్టా మాత్రమే కాదని, దేశంలో పనులు పెంచనూ తగ్గించనూ గల పనిముట్టని పాలకులు గుర్తించింది కూడా ఎక్కువగా ఆయన వల్లే. విద్యార్థులు కొనుక్కోగలగాలని ఆ పుస్తకం వెల ఐదు షిల్లింగులే పెట్టించాడు. ఆయన చెప్పింది నాకు ఒక్కసారిగా అర్థం కాలేదు. అర్థమైన వరసలోనే ఇక్కడ రాస్తున్నాను.

1. అందరూ ఒకేసారి పొదుపు చేస్తే ఎవరికీ మిగలదు

ఆ కరువు ఏడు మా ఊళ్లో ముందు ఆగింది గానుగ. బుడ్డలు లేకపోతే నూనె ఎక్కడిది? గానుగాయన మా అంగడికి రావడం తగ్గించాడు. రైతులు కూలీలను పిలవడం మానేశారు. కూలీలు ముందు బెల్లం మానేశారు, తర్వాత కిరసనాయిలు సగం చేశారు, చివరికి ఉప్పు, మిరపకాయలు మాత్రం కట్టించుకున్నారు. నాయన హిందూపురం నుంచి బెల్లం దిమ్మెలు తెప్పించడం ఆపేశాడు. బండాయనకు బాడుగ పోయింది. అమ్మ నా చొక్కా గుడ్డను మరుసటి ఏటికి వాయిదా వేసింది, దాంతో దర్జీ కుట్టుకూలీ పోయింది. ఆ దర్జీ మాకు పాత బాకీ ఉన్నవాడే.

వీళ్లలో ఎవరి నిర్ణయాన్నీ తప్పు పట్టలేం. చేతిలో డబ్బు లేనప్పుడు ఎవరైనా చేసే పని అదే. అయినా మూడు నెలలు తిరిగేసరికి అందరి చేతిలోనూ మునుపటికంటే తక్కువే ఉంది.

పుస్తకాల్లో దీన్ని పొదుపు వైపరీత్యం అంటారు. కీన్స్ దీన్ని చూసింది బ్రిటన్‌లో. 1925లో ఆర్థిక మంత్రి చర్చిల్ పౌండును యుద్ధానికి ముందున్న పాత ధరకే, అంటే 4.86 డాలర్లకే, బంగారంతో ముడిపెట్టాడు. బ్రిటిష్ బొగ్గు విదేశాల్లో ప్రియమైంది. గనుల యజమానులు కూలి తగ్గించమన్నారు. మరుసటి ఏడు దేశమంతా సమ్మె. 1932 నాటికి బీమా ఉన్న కార్మికుల్లో ప్రతి ఐదుగురిలో ఒకరికి పని లేదు. అమెరికాలో 1933లో నలుగురిలో ఒకరికి లేదు. కూలి ఇంకా తగ్గితే యజమానులు మళ్లీ పనికి పిలుస్తారని, ప్రభుత్వం కూడా ఖర్చు తగ్గించుకుని ఓపిక పట్టాలని అప్పటి పెద్దల మాట. ఒకడి ఖర్చే ఇంకొకడి రాబడి అయినప్పుడు, అందరి కూలీ తగ్గిస్తే అమ్ముడయ్యే సరుకూ తగ్గుతుందని కీన్స్ వాదించాడు. సరుకు అమ్ముడవుతుందన్న నమ్మకం ఉంటేనే ఫ్యాక్టరీ తెరుస్తారు. దాన్నే మేము క్లాసులో సార్థక డిమాండ్ అని బోర్డు మీద రాసేవాళ్లం. ఆ మాట రాసినప్పుడల్లా నాకు మా దర్జీ గుర్తొచ్చేవాడు.

2. నోటు వెంట నడిచి చూడాలి

ఆ ఎండాకాలం ప్రభుత్వం మా చెరువులో పూడిక తీసే పని పెట్టింది. ఊళ్లో కరువు పని అన్నారు. వారానికోసారి బటవాడా. మొదటి బటవాడా సాయంత్రం అంగడి ముందు ఆడవాళ్లు గుంపుగా నిలబడటం నాకు కళ్లకు కట్టినట్టు ఉంది. చేతులకు ఇంకా చెరువు మన్ను. ఒకావిడ కొంగు ముడి విప్పి, "శెట్టన్నా, పాత బాకీకి రెండు రూపాయలు రాసుకో. ఉప్పు, మిరపకాయలు కట్టు. బెల్లం ఉంటే అచ్చు చాలు, పిల్లోడు ఏడుస్తాండాడు" అంది. బెల్లం లేదు. మర్నాడే నాయన హిందూపురానికి కబురు పెట్టాడు. బండాయనకు బాడుగ దొరికింది. ఆ బాడుగలోంచి ఆయన మా పద్దులో అర్ధరూపాయి జమ వేయించాడు. ఆ జమ రాసింది నేనే.

దీన్ని లెక్కకట్టినవాడు కీన్స్ శిష్యుడు రిచర్డ్ కాన్, 1931లో, పాతికేళ్ల వయసులో. కీన్స్ ఆ లెక్కను తన సిద్ధాంతానికి ఇరుసు చేసుకున్నాడు. అదే గుణకం. చేతికొచ్చిన ప్రతి 100 రూపాయల్లో 80 ఖర్చు పెట్టే ఊరు అనుకుందాం. ప్రభుత్వం 100 ఇస్తే అంగడికి 80 చేరుతుంది, అంగడి నుంచి 64, అక్కడి నుంచి 51 రూపాయల 20 పైసలు. ఇలా తగ్గుతూ తగ్గుతూ మొత్తం ఆదాయం 500 దాకా పెరుగుతుంది. కాగితం మీద గుణకం ఐదు.

కానీ పద్దు పుస్తకం తెరిచి చూస్తే ఐదు ఎక్కడా కనబడదు. ఆవిడ పాత బాకీకి కట్టిన రెండు రూపాయలను నాయన తన బాకీ కింద హిందూపురం మండీకి కట్టేశాడు. నోటు రెండో అడుగులోనే ఊరు దాటిపోయింది. అప్పు తీర్చడానికి పోయేది, బయట ఊరి సరుకుకు పోయేది, పన్నుకు పోయేది, దాచుకునేది, అన్నీ తూములో కారిపోయే నీళ్లే. కీన్స్ కూడా 1933లో బ్రిటన్‌కు ఈ లెక్క వేసినప్పుడు జాగ్రత్తగా రెండు దగ్గరే ఆగాడు. క్లాసులో ఐదు, పది అని ఉదాహరణలు రాసి పిల్లలను మురిపించడం సులువు. ఏ పథకం గురించైనా ఇన్ని కోట్లు పెడితే ఇన్ని రెట్లు పెరుగుతుందని ఎవరైనా అంటే, ఆ నోటు మూడో చేయి ఎవరిదని అడగడం నాకు అలవాటైంది.

3. కరువు వేరు, మాంద్యం వేరు

ఇది నేను చాలాకాలం తప్పుగా చెప్పిన పాఠం. మా ఊరి కరువును, కీన్స్ చూసిన మాంద్యాన్ని ఒకే తాటికి కట్టి చెప్పేవాణ్ణి. వినడానికి బాగుండేది. పిల్లలు తమ ఊళ్లు గుర్తుచేసుకుని తలలూపేవాళ్లు.

మాంద్యంలో గోదాము నిండా సరుకు ఉంటుంది, యంత్రాలుంటాయి, పనివాడు గేటు బయట నిలబడి ఉంటాడు. లేనిది కొనేవాడు. అక్కడ ప్రభుత్వం డబ్బు దించితే చక్రం తిరుగుతుంది. కరువులో మొదట పోయేది ధాన్యమే. జొన్నలే లేనిచోట నోట్లు పంచితే ఏమవుతుంది? జొన్నల ధర పెరుగుతుంది. 1966లో మా చెరువు పని ఫలించిందంటే కారణం, అదే సమయంలో పీఎల్-480 ఆహార సాయం కింద ఓడల్లో వచ్చిన అమెరికా గోధుమలు, ఎర్ర జొన్నలు. ఆ జొన్న రొట్టె ఎవరికీ నచ్చలేదు. కానీ కూలి డబ్బుకు ఎదురుగా నిలిచిన తిండి అదే.

ఈ తేడాను వి.కె.ఆర్.వి. రావు గారు 1952లోనే ఒక వ్యాసంలో స్పష్టంగా రాశారు. కీన్స్ ఉన్న రోజుల్లో కేంబ్రిడ్జిలో చదివి, భారత జాతీయాదాయం మీద పరిశోధన చేసినవారు ఆయన. మన దేశంలో జనం ఎక్కువమంది సొంత సేద్యం మీద, ఇంటి పనుల మీద బతుకుతారు. డిమాండ్ పెరిగినంత మాత్రాన పంట వెంటనే పెరగదు. అందువల్ల ఇక్కడ గుణకం డబ్బు ఆదాయాన్ని, ధరలను పెంచినంతగా అసలు ఉత్పత్తిని పెంచదని ఆయన చూపించారు. నేను ఆ వ్యాసం చదివేసరికి ఉద్యోగంలో పదకొండేళ్లు గడిచాయి. నా దగ్గర అప్పటికే చదివి వెళ్లిపోయిన పిల్లలకు దాన్ని ఎలా చేర్చాలో తెలియక చాలా బాధపడ్డాను. ఆ ఏటి నుంచి గుణకం పాఠం చెప్పిన రోజే, అదే గంటలో, రావు గారి పాఠం కూడా చెప్పాను.

4. గుంత తవ్వినా కూలి వస్తుంది, చెరువు తవ్వినా వస్తుంది

సీసాల్లో నోట్లు కుక్కి పాడుబడ్డ బొగ్గు గనుల్లో పూడ్చి, మళ్లీ జనం చేత తవ్వించినా నిరుద్యోగం తగ్గుతుందని కీన్స్ ఒకచోట రాశాడు. నేనది క్లాసులో ఎంతో ఇష్టంగా చెప్పేవాణ్ణి. ఒకసారి కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చే ఒక పిల్లవాడు లేచి, "సార్, ఆ సీసాల బదులు మా ఊరి చెరువు తవ్విస్తే రెండూ వస్తాయి కదా" అన్నాడు. ఆ సాయంత్రం లైబ్రరీలో ఆ పుట మళ్లీ తీశాను. ఇళ్లు కట్టించడం లాంటి పనులైతే ఇంకా మేలని కీన్స్ కూడా అక్కడే అన్నాడు. నేను ఆ మాట దాటేసి ఏళ్ల తరబడి పాఠం చెప్పాను. మర్నాడు క్లాసులో ఆ పిల్లవాడిని లేపి, నువ్వు అడిగింది పుస్తకంలోనే ఉంది నాయనా అని చెప్పాను.

2006 ఫిబ్రవరి 2న మా జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. దాని మూలం మహారాష్ట్ర ఉపాధి హామీలో ఉంది. అయినా బండ్లపల్లిలో దాన్ని ప్రారంభించిన అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ కేంబ్రిడ్జిలో జోన్ రాబిన్సన్ దగ్గర చదువుకున్నవారు. ఆ జోన్ రాబిన్సన్ 'జనరల్ థియరీ' చిత్తుప్రతులు చదివి కీన్స్‌తో వాదించిన కొద్దిమందిలో ఒకరు. లండన్‌లోని ఇండియా ఆఫీసులో గుమాస్తాగిరీ చేస్తూ బొంబాయికి పది ఆబోతులను ఓడెక్కించడం తన మొదటి పనిగా చేసిన మనిషి కీన్స్. మన దేశం మీద 1913లో ఒక పుస్తకమే రాసి, ఇక్కడ ఎన్నడూ అడుగుపెట్టలేదు. ఆయన ఆలోచన ఇంత దూరం నడిచి మా ఎర్రనేలకు వచ్చిందని ఆ రోజు నాకు గుండె నిండింది.

తర్వాతి ఏళ్లలో మా చుట్టుపక్కల ఆ పనులు తిరిగి చూశాను. రెండు నీటి కుంటలు నాకు బాగా గుర్తు. రెండింటికీ ఒకే కొలత, ఒకే కూలి. ఒకటి మిట్ట మీద, కొలతలకు అనువుగా ఉందని తవ్వారు. వాన నీళ్లు దాని పక్కనుంచే పారిపోయాయి. రెండోదానికి చోటు చూపించింది ఆ పొలం ముసలి రైతు. వాలు కింద, వంక తిరిగే దగ్గర తవ్వించాడు. సంక్రాంతి దాకా నీళ్లు నిలిచాయి. వాన ఎగ్గొట్టినప్పుడు ఆయన బుడ్డలకు ఒక్క తడి అందింది. ఆ ఒక్క తడితో పంట దక్కింది. బడ్జెట్ లెక్కల్లో రెండు కుంటలూ ఒకటే పద్దు.

5. తప్పని తేలితే ఒప్పుకోవాలి

1930లో కీన్స్ డబ్బు మీద రెండు సంపుటాల పుస్తకం అచ్చువేశాడు. ఏళ్ల తరబడి శ్రమ. అది వచ్చిన కొద్ది నెలలకే కేంబ్రిడ్జి కుర్రవాళ్లు దాన్ని విప్పదీసి, ఉత్పత్తి ఎలా పెరుగుతుందో తగ్గుతుందో ఇందులో లేదన్నారు. ఆయన అప్పటికే లోకమంతా తెలిసిన మనిషి. అయినా వాళ్లతో కూర్చుని, ఆ పుస్తకాన్ని పక్కన పెట్టి, కొత్తది మొదలుపెట్టాడు. 'జనరల్ థియరీ' అలా పుట్టింది. ఇంతకుమించి ఈ పాఠం గురించి నేను చెప్పేదేమీ లేదు, మూడో పాఠం రాయడానికి నాకు ధైర్యం ఇచ్చింది ఇదే అన్న మాట తప్ప.

6. భారం పడ్డవాడి చేతిలో చీటీ ఉందా?

1940లో కీన్స్ సమస్య తారుమారైంది. యుద్ధం వచ్చింది, ఫ్యాక్టరీలు రాత్రీపగలూ నడుస్తున్నాయి, అందరికీ పనుంది. కొనేవాళ్లు ఎక్కువై సరుకు తక్కువైంది. ఖర్చు పెంచమన్న మనిషే ఇప్పుడు జనం ఖర్చు తగ్గించాలన్నాడు. ధరలు పెరగనిస్తే పేదవాడి పళ్లెం ఖాళీ అవుతుంది కాబట్టి, జీతంలో కొంత ఇప్పుడు పట్టుకుని యుద్ధం అయ్యాక తిరిగి ఇవ్వాలన్నాడు. 1941 బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి కింగ్స్‌లీ వుడ్ దాన్ని కొంతమేర అమలు చేశాడు. దేశం మొత్తం ఆదాయం ఎంత, వ్యయం ఎంత అని జాతీయాదాయ లెక్కలు వేసి బడ్జెట్ తయారు చేయడం అప్పుడే మొదలైంది. ఆ లెక్కలు వేసినవాళ్లు రిచర్డ్ స్టోన్, జేమ్స్ మీడ్.

ఈ పాఠం నాకు జీతం రూపంలో అందింది. నేను ఉద్యోగంలో చేరిన 1974లో టోకు ధరలు ఏటా 25 శాతం వేగంతో పెరుగుతున్నాయి. కేంద్రం ఒక చట్టం తెచ్చి, పెరిగిన కరువు భత్యంలో సగం తప్పనిసరి డిపాజిట్‌గా పట్టుకుంది. మా స్టాఫ్ రూములో అందరికీ కోపం. నాకూ కోపమే, అద్దె కట్టడానికి అప్పు చేశాను. కానీ ఆ కోతకు రసీదు ఉంది. తర్వాత వాయిదాల్లో వడ్డీతో సహా తిరిగి వచ్చింది. అది కీన్స్ వాయిదా జీతానికి దగ్గరి చుట్టమని పాఠం చెప్తుండగా ఒకరోజు తట్టింది.

ఇక్కడ కీన్స్ మీద నాకొక బాధ ఉంది, దాచుకోను. ఆయన బ్రిటన్ కూలివాడి కోసం అంత ఆలోచించిన ఆ సంవత్సరాల్లోనే బ్రిటన్ యుద్ధానికి మన దేశం నుంచి సరుకు పోయింది. దాని వెల లండన్‌లో స్టెర్లింగ్ ఖాతాలో రాశారు. ఆ రాతను చూపించి ఇక్కడ రిజర్వ్ బ్యాంకు రూపాయలు అచ్చువేసింది. 1939 నుంచి 1945 లోపల చెలామణీలో నోట్లు ఐదు రెట్లకు పైగా పెరిగాయి. ధరలు పెరిగాయి. 1943లో బెంగాల్‌లో కరువు వచ్చి లక్షలాది మంది చచ్చిపోయారు. దానికి కారణాలు చాలా ఉన్నాయి. యుద్ధకాలపు ద్రవ్యోల్బణం వాటిలో పెద్దది. బ్రిటన్ కూలివాడికి తర్వాత ఇస్తామని చీటీ ఇచ్చారు. బెంగాల్ కూలివాడి దగ్గర కోసుకున్నది బియ్యం ధరలో. దానికి చీటీ లేదు. యుద్ధం ముగిసేసరికి లండన్‌లో మన పేరున 130 కోట్ల పౌండ్లు పేరుకున్నాయి. 1944లో బ్రెట్టన్ వుడ్స్‌లో మన ప్రతినిధులు ఈ బాకీ మాట ఎత్తినప్పుడు, బ్రిటన్ తరఫున ఎదుట కూర్చున్నది కీన్సే. బాకీ ఎగ్గొట్టబోమన్నాడు, పరిష్కారం మాత్రం ఆ సభ వెలుపలకు వాయిదా పడింది. ఆయన్ని గురువుగా భావించిన నాకు ఈ పుట చదివిన ప్రతిసారీ గొంతులో ఏదో అడ్డం పడుతుంది.

7. వాన పడిన ఏడు ఏం చేశామన్నది అసలు పరీక్ష

1937 జనవరిలో కీన్స్ లండన్ టైమ్స్‌లో మూడు వ్యాసాలు రాశాడు. మాంద్యం తగ్గి వ్యాపారం పుంజుకుంటున్న సమయం అది. ఖజానా చేయి బిగించాల్సింది ఇలాంటి మంచి రోజుల్లోనే గానీ చెడ్డ రోజుల్లో కాదన్నది అందులో ఆయన వాదన. యుద్ధం చివర్లో బడ్జెట్‌ను రెండుగా విడదీయమన్నాడు. జీతాలు, రోజువారీ ఖర్చుల బడ్జెట్ సరితూగాలి. పెట్టుబడుల బడ్జెట్ మాత్రం కాలాన్ని బట్టి పెరగాలి, తగ్గాలి. లోటు అన్న మాటకు కీన్స్ పేరు తగిలించేవాళ్లు ఈ భాగం చదివినట్టు కనబడరు.

మన దేశం సంగతి చూడండి. 1980లలో వృద్ధి బాగానే ఉంది. ఆ మంచి ఏళ్లలోనే కేంద్రం లోటు పెంచుకుంటూ పోయి 1990-91 నాటికి జీడీపీలో 8 శాతం దగ్గరికి వెళ్లింది. 1991లో 47 టన్నుల బంగారం విదేశాలకు పంపి తాకట్టు పెట్టాల్సి వచ్చింది. మా కాలేజీలో ఆ వార్త చదివి ఒక లెక్చరర్ కన్నీళ్లు పెట్టుకున్నారు. మన ఆడవాళ్లు ఆఖరి ఇబ్బందిలో తప్ప తాకట్టు పెట్టని వస్తువు అది.

2003లో లోటుకు హద్దు పెడుతూ చట్టం వచ్చింది. 2007-08కి ద్రవ్యలోటు 2.5 శాతానికి దిగింది. 2008లో అమెరికా బ్యాంకులు కూలినప్పుడు మన ప్రభుత్వం ఎక్సైజ్ సుంకాలు తగ్గించి ఖర్చు పెంచగలిగిందంటే, అంతకుముందు మిగుల్చుకున్న ఆ చోటు వల్లే. రైతుల రుణమాఫీ, మా వేతన సంఘం బకాయిలు కూడా ఆ లెక్కలోనే కలిశాయి. లోటు 6 శాతానికి చేరింది. అది తప్పని నేను అనను. అయితే వృద్ధి మళ్లీ 8 శాతం దాటాక కూడా పెంచిన ఖర్చును వెనక్కి తీసుకోవడం ఆలస్యమైంది. తర్వాత కొన్నేళ్లు ధరల పెరుగుదల పదిశాతం చుట్టూ ఆడింది. పింఛనుదారుకు కరువు భత్యం పెరిగింది. కూరగాయల బండి తోసుకునేవాడికి ఏ భత్యమూ లేదు. 2020లో కరోనా వచ్చి లోటు 9.2 శాతానికి చేరినప్పుడు కూడా నేను భయపడలేదు. బెంగళూరు నుంచి మావాళ్లు మూటలు నెత్తిన పెట్టుకుని నడిచొచ్చిన ఏడు అది, అప్పుడు పెట్టకపోతే ఎప్పుడు పెడతారు? నేను భయపడేది ఆ తర్వాతి మంచి ఏళ్లకు. చేయి బిగించమని చెప్పేవాడికి చప్పట్లు కొట్టేవాళ్లు ఉండరు.

1967లో మా ఊళ్లో వానలు పడ్డాయి. బుడ్డలు ఇంటికొచ్చాయి, గానుగ మళ్లీ తిరిగింది. నాయన అప్పటిదాకా ఎన్నడూ చేయని పని చేశాడు. కొత్త అప్పులు ఆపేసి, పుస్తకం చంకన పెట్టుకుని కల్లాల దగ్గరికి వెళ్లాడు. నేను వెంట ఉన్నాను. ఒక రైతు, "కరువులో అడగకుండా ఇస్తివి, పంటొచ్చినప్పుడు ఇట్లా పీకుతావేమి శెట్టన్నా" అని నిష్ఠూరమాడాడు. నాయన కొలత చూస్తూనే, "మళ్లీ కరువొస్తే ఇయ్యల్ల కదప్పా" అన్నాడు.

ఆ ఏటి ఆఖరి పుట ఇప్పుడు నా ముందుంది. హిందూపురం మండీ బాకీ చెల్లు. బెల్లం ఐదు దిమ్మెలు, రొక్కానికి. దాని కింద వసూలు కాని పదకొండు పేర్లు. రెండు పేర్ల ఎదుట వాయిదా తేదీలు వేసి ఉన్నాయి. మిగిలిన తొమ్మిదీ చెరువు పనికి పోయిన ఆడవాళ్లవి. వాటి మీద నాయన అడ్డంగా ఒక గీత కొట్టాడు.